శుచివ్రతాదేవి మన్మథుణ్ణి శపించబోయిన కథ

పూర్వం, నదులు సముద్రానికి దారి ఇంకా వెతుక్కుంటున్న కాలంలో, వేణుమతీ నగరాన్ని మణిధ్వజ మహారాజు పాలించేవాడు. పదహారు దుర్గాలను గెలిచినవాడు, శరణన్నవారిని విడవనివాడు. ఆయన పట్టమహిషి శుచివ్రతాదేవి పద్మపత్రనేత్ర, సత్యభాషిణి, కోపం వస్తే దాచుకోవడం చేతకాని ఇల్లాలు.

ఆ వంశంలో ఒక ఆచారం ఉండేది. రాణి ఋతుస్నానం చేసిన సాయంత్రం రాజపురోహితుడైన ఉదర్క మహర్షి ప్రాసాదశిఖరం ఎక్కి శంఖం పూరించేవాడు. అది విని నగరంలో ఇంటింటా దీపం పెట్టేవారు. రాజు అంతఃపురానికి వెళుతున్నాడు, వంశం నిలుస్తుంది అని జనానికి భరోసా.

మూడేళ్ళు ఆ శంఖం శుభంగానే మోగింది. నాలుగో ఏట సరిహద్దు యుద్ధం గెలిచి తిరిగివచ్చిన రాజు, శంఖం విని అంతఃపురానికి వచ్చి, ఒక్క మాటైనా ఆడకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. మరుసటి నెలా అంతే. అలా తొమ్మిది శంఖాలు గడిచాయి. తెల్లవారితే దాసీలు రాణి ముఖంలోకి తొంగిచూసేవారు. రాణి ఒంట్లో చలువ ఎక్కువట అని అంగడివీథిలో ఆడవాళ్ళు చెప్పుకునేవారు. మహర్షి అశ్వగంధ కలిపిన కషాయం కాయించి పంపించాడు, రాజుకు కాదు, రాణికి. భర్త పరువు తన నోటి మీద ఉందని తలచి ఆమె ఆ చేదంతా మింగింది. అయినా లాభం ఏమీ కనపడలేదు, తప్పంతా ఆమె తలమీదే పడింది.

తొమ్మిదో శంఖం గడిచాక మహర్షి నిండుసభలోనే అన్నాడు: “అమ్మా, నీ కనుబొమలు చూస్తే ఎంతటి వీరుడికైనా రణభూమే గుర్తొస్తుంది. కాస్త లాలిత్యం నేర్చుకో. వచ్చే శంఖమూ వృథా అయితే దశార్ణ రాజకుమారిని పట్టపురాణిగా తెస్తాం.”

“మీ కషాయం నెలల తరబడి తాగాను మహర్షీ. ఆ గిన్నె ఒక్కసారైనా రాజుగారి ముందు పెట్టారా?”

“రాజుకు లోపమా! ఆ మాట నోట రానివ్వకు!”

శుచివ్రత భర్త వంక చూసింది. పదహారు దుర్గాలు గెలిచిన ఆ మహావీరుడు తలవంచుకుని వేలి ఉంగరం తిప్పుకుంటున్నాడు.

ఆమె ఒళ్ళు భగ్గుమంది. సభలోనుంచి తిన్నగా నదీతీరంలోని రతీమన్మథుల మామిడితోపుకు పోయి, మూడు రోజులు పచ్చి నీళ్ళైనా ముట్టక, ఒంటికాలిపై నిలిచి, మన్మథుణ్ణి శపించడానికి నది నీళ్ళు దోసిట పట్టింది. అప్పుడు రతీదేవి పరుగున ప్రత్యక్షమయింది.

“ఆగవమ్మా, ఆ నీళ్ళు పారబొయ్యి! మా ఆయన ఒకసారి కాలాడు. మళ్ళీ కాల్చడానికి ఒళ్ళెక్కడుంది?”

“అయితే పనైనా చెయ్యమను తల్లీ! ఐదు బాణాలూ మూటగట్టి ఎక్కడ పడుకున్నాడు? ఆయన సోమరితనానికి నా పట్టం పోతోంది!”

సోమరితనమన్న మాట విని రతీదేవికీ కోపం వచ్చింది. “ఆయన ఒక్కసారే ఒకరి ఆజ్ఞ మీద బాణం పట్టాడు. ఇంద్రుడు వెళ్ళమన్నాడు. ఎప్పుడు తగులుతుందా అని దేవతలంతా పొదల చాటున కాచుక్కూచున్నారు. నాకు తిరిగొచ్చింది పిడికెడు బూడిద. ఆజ్ఞ వినిపించే చోటికి, గుంపు కాచుకున్న చోటికి ఆయన ఇక రాడు. నేను పిలిచినా రాడు.”

శుచివ్రత చేతిలోని నీళ్ళు జారిపోయాయి. శంఖమూ, దీపాలూ, తెల్లవారి తొంగిచూసే కళ్ళూ, అన్నీ ఒక్కటొక్కటిగా మనసులో కలిపి చూసుకుంది. కోపం మాత్రం తగ్గలేదు, మరో మనిషి మీదికి మళ్ళింది.

“మన్మథుడు రాకపోవడానికి కారణముంది. మరి నా భర్త నోరు తెరవకపోవడానికో?”

“నన్నడుగుతావేం? ఆయన్నడుగు. ఎన్నడైనా అడిగావా?”

“రాణి అడగకూడదన్నారు.”

“బాగుంది! మీ ఇద్దరి సిగ్గూ కలిపి తూస్తే ఆ మహర్షి గడ్డం కన్నా బరువు తూగుతుంది. లేచి ఇంటికి వెళ్ళు.”

ఆమె వెళ్ళి, మిట్టమధ్యాహ్నం ఆయుధశాలలో ఒంటరిగా ఉన్న భర్తను నిలదీసింది. “నన్ను అసహ్యించుకుంటున్నారా? మరొకరెవరైనా ఉన్నారా? నిజం చెప్పండి.”

మణిధ్వజుడు తుడుస్తున్న కత్తి కింద పెట్టాడు. “నీ మీద విముఖత కాదు దేవీ. యుద్ధం నుంచి వచ్చాక నిద్ర లేదు, ఆకలి లేదు, ఒంట్లో ఏదో ఆరిపోయింది. శంఖం వింటే చెమట పడుతుంది. ఊరంతా వచ్చి మంచం చుట్టూ కూర్చున్నట్టుంటుంది. మొదటిసారి కోరికే కలగక గోడవైపు తిరిగాను. రెండోసారి చేతకాదేమోనని భయం వేసింది. తరువాత ఆ భయమొక్కటే మిగిలింది. చెబితే నవ్వుతావనుకున్నాను.”

“నవ్వుతానా! కోరిక లేకపోవడం నేరం కాదు మహారాజా. జ్వరం వచ్చినవాణ్ణి ఎవరూ శిక్షించరు. కానీ మీ జ్వరానికి మందు నేను తాగాను. సభలో నన్ను దోషిగా నిలబెడితే మీరు ఉంగరం తిప్పుకున్నారు. నేరం అదీ! ఎక్కడ ఊరుకున్నారో అక్కడే నోరు తెరవండి. క్షమించడం సంగతి తరువాత చూస్తాను.”

పదో స్నానం నాడు, కొలువు తీరిన ప్రాంగణంలో అందరూ చూస్తుండగా మహర్షి శంఖం అందుకుని ప్రాసాదశిఖరం ఎక్కబోతుంటే, రాజు లేచి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

“ఆపండి. కోరిక సన్నగిల్లింది నాకు. మాట పడింది రాణి. నా పిరికితనం వల్ల పడింది. రెండో రాణి రాదు, ఈ శంఖం ఇక మోగదు.”

“కులాచారాన్ని కాదంటావా!” అంటూ ఉదర్కుడు కమండలం ఎత్తి వంశాన్నే శపించబోగా, మామిడిపూల వాన నడుమ రతీదేవి దిగివచ్చి, “మహర్షీ, నీ ధర్మపత్ని దగ్గరికి నువ్వు ఏ శంఖం విని వెళ్ళావయ్యా?” అంది. సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. మహర్షి ముఖం కందిపోయి కమండలం దించాడు.

“శుచివ్రతా, వరం కోరుకో” అంది దేవి.

భర్తకు కోరికనో, ఒడికి కొడుకునో అడుగుతుందని అందరూ అనుకున్నారు. ఆమె చేతులు జోడించి, “తల్లీ, కావాలంటే కావాలనీ, వద్దంటే వద్దనీ మేము ఒకరికొకరం చెప్పుకోగలగాలి. విన్నవారు చిన్నబోకూడదు. అది చాలు” అంది.

“తథాస్తు” అని రతీదేవి అంతర్ధానమయింది.

రాజు ఒంట్లో ఆరినది ఒక్కనాటితో రగలలేదు. వైద్యులు ఈసారి ఆయన నిద్రకు మందిచ్చారు. ఉదయాలు ఇద్దరూ ఏటి ఒడ్డున నడిచేవారు. చెయ్యి పట్టుకుంటే చెయ్యి పట్టుకోవడమే, అంతకు మించి అక్కర్లేదని ముందే అనుకున్నారు. రాణి కోపం కూడా ఒక్కనాటితో చల్లారలేదు, అది గుర్తొచ్చినప్పుడల్లా ఆయన తలవంచి విన్నాడు. కొన్ని నెలలకు ఒక పగటివేళ రాజు ఆమె గడప దగ్గర నిలబడి, “రావచ్చా?” అన్నాడు.

“ఇవాళ నాకు మనసు లేదు. వచ్చి కూర్చోండి, పనసతొనలున్నాయి” అంది శుచివ్రత.

ఆయన చిన్నబోలేదు. నవ్వుతూ వచ్చి కూర్చున్నాడు. వరం ఫలించిందని ఇద్దరికీ అప్పుడు తెలిసింది.

దంపతులలో ఎవరి కోరిక సన్నగిల్లినా, రెండోవారిని దోషిగా నిలబెట్టక, ఈ కథ తలచుకుని ముందుగా నోరు తెరిచినవారి ఇంట రతీదేవి పిలవకుండానే అడుగుపెడుతుంది. ఆ తరువాత ఆ రాజదంపతుల సంగతి ఏమయిందని వినేవారు అడుగుతారు. తలుపు వేసి ఉంది.