అసిరినాయుడి తుపాకి

జగన్నాథాచారి గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. పోలీసు ఆయుధాగారంలో పనిచేసి రిటైరై, విజయనగరం కంటోన్మెంటు దగ్గర లైసెన్సు తుపాకులు బాగుచేసే చిన్న దుకాణం పెట్టుకున్నారాయన. పని నేర్చుకోవడానికి చేరిన కూర్మారావు మొదట్లో ఆయనకు చెవుడేమో అనుకున్నాడు. వింటారని, జవాబు రావలసిన చోటు నుంచి వచ్చేదాకా ఊరుకుంటారని తరవాత్తరవాత తెలిసింది.

ఒక వానాకాలం చివర్లో వాళ్ల బల్ల మీదికి పాత మిలిటరీ రైఫిలు ఒకటి వచ్చింది. తెచ్చినవాడు తవిటినాయుడు. సుబేదారుగా రిటైరై, తన ఊళ్లో మాజీ సైనికుల సంఘానికి అధ్యక్షుడైన మనిషి. ఆ ఊరినుంచి చైనా యుద్ధానికి వెళ్లి మంచుకొండల్లోనే ఉండిపోయిన సిపాయి అసిరినాయుడి పేరున అక్కడొక స్మారక మందిరం ఉంది. సైన్యం ఈ రైఫిలును వాడకంలోంచి తీసేసి, గొట్టం మూసి, మరి పేలకుండా చేసి ఆ మందిరానికి ఇచ్చింది. అసిరినాయుడు చివరిదాకా పట్టుకున్నది ఇదేనని ఊరంతా అంటారు. ఆ మాట మొదట ఎవరన్నారో ఎవరికీ గుర్తులేదు. ఏటా సంస్మరణ సభ రోజున దానికి నల్లరంగు పూసి గోడకు పెడితే, అసిరినాయుడి భార్య గవరమ్మ వచ్చి దండ వేస్తుంది. ఈసారి పెద్ద అధికారులు వస్తున్నారు గనక దాన్ని కొత్తదానిలా చెయ్యాలని, తను తెచ్చే ఇత్తడి పేరుపలక వెనక చెక్కకు బిగించాలని తవిటినాయుడు చెప్పి వెళ్లాడు.

పని కూర్మారావు మీద పడింది. మరలు తుప్పుకు బిగుసుకుపోయి ఉన్నాయి. కిరసనాయిలు పోసి నానబెట్టి, కాస్త తిప్పి, మళ్లీ నానబెట్టేవాడు. రంగు పొర కింద రంగు పొర. గీకగా గీకగా చేతులు లాగేవి, ఆ వాసనకు అన్నం సయించేది కాదు. ఆఖరికి చెక్క బయటపడింది, ఎవరి చెంపో ఆని ఆని నునుపెక్కిన అక్రోటు చెక్క. దానికి అవిసెనూనె పట్టించి, ఇనుప భాగాలు తుడుస్తూ ఉంటే, బోల్టు వెనకాల, రైఫిలు అసలు ఒంటి మీద కర్మాగారం ముద్ర, దాని కింద సంవత్సరం కనిపించాయి. కూర్మారావు గుడ్డ పక్కన పెట్టేశాడు. అసిరినాయుడు పోయిన రెండేళ్లకు గానీ ఆ రైఫిలు పుట్టనేలేదు.

"బాగుచేసినప్పుడు కొట్టిన ముద్రేమో గురువుగారూ?" అన్నాడు ఆశగా.

ఆచారిగారు భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. "గొట్టం మారుస్తారు, బోల్టు మారుస్తారు. ఒంటి మీది ముద్ర పుట్టినప్పుడు కొట్టిందే."

కూర్మారావుకు ఆ తరవాత నిద్ర సరిగా పట్టలేదు. చెబితే ఒక ముసలామె నమ్ముకున్నది పోతుంది. చెప్పకపోతే తన చేత్తోనే అబద్ధానికి మెరుగు పెట్టినట్టవుతుంది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు: "గురువుగారూ, తుడుస్తుంటే బయటపడిన నిజాన్ని వాళ్లకి చెప్పాలా? వాళ్లు అడగలేదు గనక ఊరుకోవాలా?"

ఆచారిగారు చేతిలో పని పక్కన పెట్టి, "పలక ఎక్కడ బిగించాలో ఆవిడొచ్చి చూపిస్తే బాగుంటుందని గవరమ్మగారికి కబురు పెట్టు" అన్నారు.

ఆమె మధ్యాహ్నం బస్సుకు వచ్చింది. ఎండిన మనిషి. మెట్టెక్కి, గోడ పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకుంది. కూర్మారావు స్టూలు వేసి మంచినీళ్లిచ్చాడు. బల్ల మీద రైఫిలు విడివిడిగా పరిచి ఉంది: చెక్క ఒకచోట, గొట్టం ఒకచోట, మరలన్నీ ఒక సత్తు గిన్నెలో. ఆమె దాన్ని కొత్తగా చూసినట్టు చూసింది.

"ఇంతేనేటి ఇది!" అంది. ఆచారిగారు చెక్క తీసి ఆమె ఒళ్లో పెట్టారు. ఆమె దాని మీద అరచెయ్యి వేసి, అటూ ఇటూ రాసి, తలెత్తకుండానే అడిగింది: "ఇది ఆయనదేనేటి బాబూ?"

కూర్మారావు గురువుగారి వైపు చూశాడు. ఆయన కళ్లజోడు తీసి, "కాదమ్మా" అన్నారు. "ఆయన పోయాక తయారైంది."

ఆమె ఏడుస్తుందనుకున్నాడు కూర్మారావు. ఏడవలేదు. మోపు దించుకున్న మనిషిలా భుజాలు కిందికి జారాయి, అంతే.

"దండ ఏసినప్పుడల్లా అనుకునేదాన్ని. ఆయనది కాదేమో, నాకేటీ అనిపించట్లేదేటి అని. ఎవురినడగను? ఊరంతా చేతులు జోడించి నిలబడితే." నీళ్లు ఒక గుక్క తాగింది. "నేను పడుచుగున్నప్పుడు ఒకాయన మారుమనువు అడిగినాడు. మంచోడే. ఈ దండ ఏసిన చేత్తో ఇంకోడి చెయ్యి ఎలగ పట్టుకుంటావన్నారు ఊరోళ్లు. నిజమే కాబోలనుకున్నాను." ఆగి, చెక్కను మళ్లీ నిమిరింది. "మరి ఇదెవురిది?"

"తెలీదమ్మా. ఎవరో సిపాయిది. ఏమయ్యాడో" అన్నారు ఆచారిగారు.

"ఇంటికొచ్చేసినాడనుకుందాం" అంది గవరమ్మ.

సాయంత్రం తవిటినాయుడు పలక పట్టుకుని వచ్చేసరికి ఆమె ఇంకా అక్కడే కూర్చుని ఉంది. సంగతి ఆమే చెప్పింది. అతని మొహం మాడిపోయింది. "వదినా, పెద్దోళ్లొస్తున్నారు. ముద్ర మీద కాస్త రంగేస్తే ఎవరు చూస్తారు?"

"నేను చూసేసినాను కదా."

"ఊరి పరువు వదినా! మీరైనా చెప్పండి ఆచారిగారూ."

"ఇనుముకు తుప్పు వదిలించమన్నారు, వదిలించాం. పేరు పెట్టడం మా పని కాదు నాయుడుగారూ" అన్నారాయన, ఓపిక లేనట్టు.

తవిటినాయుడు చేతిలో పలక తిప్పుతూ నిలబడ్డాడు. గవరమ్మ లేచి దాన్ని మెల్లగా అతని చేతిలోంచి తీసుకుంది. చదువు రాదామెకు, అక్షరాల మీద వేలు మాత్రం పోనిచ్చింది. "ఇది ఆయన పేరు. ఇది నాకియ్యి. తుపాకి మీరట్టుకుపొండి" అని, పలకను కొంగులో చుట్టుకుని బస్సుకు వెళ్లిపోయింది. ఆమె వెళ్లినవైపే చూస్తూ ఉండిపోయి తవిటినాయుడు, "ఆ మనువు వద్దన్నవాళ్లలో మా అయ్యా ఉన్నాడు" అన్నాడు ఎవరితోనూ కానట్టు. రంగు ఊసు మళ్లీ ఎత్తలేదు.

సభ రోజున రైఫిలు గోడకు బిగించడానికి కూర్మారావే వెళ్లాడు. పేరు లేకుండా, శుభ్రంగా ఉంది. ఉపన్యాసాలు జరిగాయి. వేదిక మీద గవరమ్మ కుర్చీ ఖాళీగా ఉంది. ఒంట్లో బాగాలేదేమోనని ఎవరో మనిషిని పంపితే, ఆమె వాకిట్లో మంచం వేసుకుని గాఢంగా నిద్రపోతోందని, లేపబుద్ధి కాలేదని, వెళ్లినవాడు తిరిగొచ్చి చెప్పాడు.

కూర్మారావు దుకాణానికి వచ్చి, పనిముట్లు దించి, గురువుగారి పక్కన కూలబడ్డాడు. సంతోషం లేదు, బాధా లేదు, ఉత్త అలసట. "చెప్పాం. బాగానే ఉంది. కానీ ఆవిడకి పోయిన వయసు తిరిగి రాదు కదా గురువుగారూ. ఇంతకీ చెప్పాలా, ఊరుకోవాలా, అది మాత్రం మీరు చెప్పలేదు."

ఆచారిగారు చేతులకున్న నూనె తుడుచుకుని, గుడ్డ మేకుకు తగిలించారు.

"చెప్పాలా వద్దా అని నీకు నాలుగు రోజులు నిద్ర పట్టలేదు నాయనా" అన్నారు చివరికి. "అడగాలా వద్దా అని ఆవిడకి ఎన్నేళ్లు నిద్ర పట్టలేదో."