గుంట అవతల నిలబడ్డవాడు

ఆండీస్ కొండలకు ఇటుపక్కన తనంత గుండెదిటవున్న గోల్ఫ్ ఆటగాడు పుట్టలేదు, ఇక పుట్టబోడు అని ఇందలేసియో పత్రికలవాళ్లకు చెప్పాడు. మర్నాడే మూరెడు దూరంలో ఉన్న గుంటలోకి బంతిని నెట్టలేక, చేతులు వణికి, పోటీ పోగొట్టుకున్నాడు.

ఒకసారైతే ఎవరికైనా జరుగుతుంది. ఇందలేసియోకి ఆ ఏడాదంతా అదే వరస. చెరువుల మీంచి బంతిని దాటించేవాడు. ఇసుక గుంటల్లోంచి అలవోకగా లేపేవాడు. తీరా మూరెడు దూరం మిగిలి, బంతిని మెల్లగా నెట్టే పట్టర్ అనే కర్ర చేతిలోకి తీసుకోగానే జ్వరం పట్టినవాడిలా అయిపోయేవాడు.

అలాగని అతను ఆషామాషీ ఆటగాడు కాడు. ఉరుగ్వేలో ఓ సముద్రపు ఒడ్డు ఊళ్లో పెద్దమనుషుల గోల్ఫ్ సంచులు మోస్తూ ఆట నేర్చుకున్నాడు. చుట్టుపక్కల దేశాల్లో గెలిచాడు. ఐరోపా వెళ్లి అక్కడా గెలిచాడు. టీవీలో సబ్బు ప్రకటనకి నురగలో కూర్చుని నవ్వాడు కూడా.

ఇప్పుడేమో వచ్చేవారం స్పెయిన్‌లో అర్హత పోటీ. అందులో నెగ్గకపోతే ఐరోపాలో ఆడే కార్డు పోతుంది. కార్డు పోతే బావమరిది టైర్ల కొట్లో కూర్చోవడమే. బావమరిది మంచివాడు, అప్పుడే కుర్చీ తుడిచి సిద్ధంగా ఉంచాడు.

ఇందలేసియో తిరగని చోటు లేదు. డాక్టరు మాత్రలిస్తే నిద్ర పట్టింది, వణుకు పోలేదు. చర్చి ఫాదరు పట్టర్ మీద పవిత్ర జలం చల్లితే దానికి తుప్పు పట్టింది. చివరికి, తనకి మొదటి పాఠం చెప్పిన డోన్ సెఫెరీనో గుమ్మం తొక్కాడు.

తెల్లవారుతోంది. ముసలాయన గోల్ఫ్ మైదానం పక్కనున్న తన గదిలో కూర్చుని, సొరబుర్రలోని మాతే ఆకుల కషాయాన్ని గొట్టంతో పీలుస్తున్నాడు.

"లోపం చేతుల్లో లేదు గురువుగారూ. అక్కడొకడు నిలబడుతున్నాడు."

"ఎక్కడ?"

"గుంటకి అవతల. నేను పట్టర్ వెనక్కి తీయగానే వాడు ముందుకి వంగుతాడు."

"ఎందుకూ?"

ఇందలేసియో గొంతు తగ్గించాడు. "బంతి తీసుకోవడానికి. నేనింకా కొట్టనేలేదు గురువుగారూ! వాడప్పుడే గుంటలో చెయ్యి పెడతాడు."

"మొహం చూశావా?"

"వంగే ఉంటాడు కదా, ఎలా కనబడుతుంది?"

ముసలాయన సొరబుర్ర కింద పెట్టాడు. "పద, చూద్దాం."

బయట సముద్రం మీంచి పొగమంచు పాకుతోంది. మైదానంలో రోజూ చెవులు చిల్లులు పడేలా అరిచే తీతువు పిట్టలు ఆరోజు నోరెత్తలేదు. గురువుగారి కుక్క తోకాడిస్తూ వెంట వచ్చింది. నున్నగా కత్తిరించిన పచ్చిక అంచు దగ్గర ఆగి, ముందు కాలు ఎత్తి, మళ్లీ దింపేసుకుంది.

"ఒక్క కుక్కకే బుద్ధుంది ఇక్కడ," అన్నాడు ఇందలేసియో.



గురువుగారు అతని బంతిని పచ్చిక మీద పెట్టించాడు. గుంట నాలుగడుగుల దూరంలోనే ఉంది. కానీ ఆ మంచులో అది ఉందని గుర్తుంచుకోవాల్సిందే తప్ప కనబడదు. ముసలాయన చేతులూపుకుంటూ అటు నడిచి, మంచులో కలిసిపోయాడు.

ఇందలేసియో పట్టర్ వెనక్కి తీశాడు. మణికట్లు కొట్టుకోవడం మొదలుపెట్టాయి.

"వచ్చాడు," అంది అవతలి నుంచి గురువుగారి గొంతు.

"వేళాకోళం వద్దు గురువుగారూ."

"అతని చెయ్యి చల్లగా ఉందిరా. నీ ఈడువాడే. పలకరిస్తే ఆట అయిపోయిందంటున్నాడు."

ఇందలేసియో పట్టర్ దించేశాడు.

"ఇంకా ఇక్కడ ఆడుతున్నది ఎవరని అడుగుతున్నాడు."

ఇందలేసియోకి పారిపోవాలనిపించింది. కుక్క ఆ పని అప్పటికే చేసేసింది. మంచులో ఎవరో వంగారు. మోకాలు టక్కుమంది. ఇందలేసియో చెయ్యి దానంతటదే తన కుడి మోకాలి మీదకి పోయింది. వంగినప్పుడల్లా అది అచ్చం అలాగే మోగుతుంది.

కొద్దిసేపటికి ముసలాయన ఒక్కడే తిరిగొచ్చాడు. గుప్పెట తెరిచాడు. అందులో ఒక బంతి.

పొరపాటున పరాయి బంతిని కొడితే ఈ ఆటలో దండన పడుతుంది. అందుకని ఆటగాళ్లు తమ బంతి మీద సిరాతో గుర్తు పెట్టుకుంటారు. ఇందలేసియో గుర్తు రెండు ఎర్ర చుక్కలు. ఆ బంతి మీద రెండు ఎర్ర చుక్కలున్నాయి. అతని కాళ్ల దగ్గరున్న బంతి మీదా ఉన్నాయి.

ముసలాయన జేబులో వేసుకెళ్లాడేమో అంటారు మీరు. ఆయన చొక్కాకీ లాగుకీ జేబుల్లేవు.

"అతనిచ్చాడు. నీకిమ్మన్నాడు," అన్నాడు గురువుగారు.

ఇందలేసియో అందుకున్నాడు. బంతి మంచుగడ్డలా ఉంది. దాని నిండా చెమ్మ పట్టి ఉంది, ఒక్కచోట తప్ప. అక్కడ చెమ్మ చెదిరి రెండు పెదవుల ఆకారం పడి ఉంది.



"అదీ నీదే, ఇదీ నీదే," అన్నాడు గురువుగారు. "ఏది ఆడతావు?"

ఇందలేసియో చాలాసేపు చేతిలోని బంతి వంక చూశాడు. ఆ తర్వాత దాన్ని గురువుగారి చేతిలో పెట్టేశాడు. కాళ్ల దగ్గరున్న బంతి మీదకి తల వంచాడు. ఈసారి గుంట వైపు చూడలేదు. అక్కడ ఎవరున్నారో, ఎవరు లేరో చూడలేదు. ఎర్ర చుక్కలు రెండింటినీ చూస్తూ కొట్టాడు. చుక్కలు వెళ్లిపోయాక కూడా, అవి ఉన్న గడ్డినే చూస్తూ ఉండిపోయాడు.

టప్‌మని బంతి గుంటలో పడింది.

మోకాలి చప్పుడు వినబడలేదు. దూరంగా ఓ తీతువు అరిచింది, ఇంకోటి దానికి జవాబిచ్చింది. అప్పుడు గమనించుకున్నాడు ఇందలేసియో: చేతులు నిలకడగా ఉన్నాయి.

"వెళ్లి తీసుకో మరి," అన్నాడు గురువుగారు.

అతను కదల్లేదు. చెవులు ఎర్రబడ్డాయి.

"గురువుగారూ, ఒక మాట. ఎవరికీ చెప్పకూడదు."

"చెప్పరా."

"ఇంట్లో అద్దం ముందు రోజూ... గెలిచేసినట్టు వంగి, బంతి తీసి, ముద్దు పెట్టుకుని, టోపీ ఎత్తి నాలుగు వైపులా దండం పెడతాను. మా ఆవిడ వంటింట్లోంచి చప్పట్లు కొట్టాలి. కొట్టకపోతే మళ్లీ మొదట్నుంచీ చేస్తాను."