రాజుగారి బూరుగుదూది పరుపు

ఇది చాలా చిన్న కథ. ఒక శిష్యుడు ఒక ప్రశ్న అడిగాడు, గురువుగారు జవాబు చెప్పారు, అంతే. అయితే కంచరపాడులో ఏ సంగతైనా షామియానాతో మొదలుపెట్టకపోతే అర్థం కాదు. ఆ షామియానా ప్రెసిడెంటుగారిది. ఎవరింట పెళ్లయినా ఉచితంగా ఇస్తారు. బదులుగా ఓ అరగంట మాట్లాడతారు. అందుకే ఆ ఊళ్లో కొందరు ఎండలోనే పెళ్లిళ్లు చేసుకున్నారు.

గురువుగారంటే భూషణం మాస్టారు. వృత్తి వడ్రంగం. ఊళ్లో నలభై దాటనివాళ్లంతా ఆయన చేసిన ఉయ్యాలల్లో ఏడ్చినవాళ్లే. పద్యనాటకాలు పంతొమ్మిది రాశారు, ముగ్గురు కూతుళ్లను చదివించారు. మధ్యాహ్నం ఊరంతా కునుకు తీసే వేళ, అరుగు మీద కూర్చుని ముసలివాళ్లకు పింఛను అర్జీలు రాసిపెట్టేవారు. "ఈయన నడుం వాల్చగా చూద్దామని అరవై ఏళ్లుగా కాచుకుని ఉన్నాను" అనేవారు భార్య వరహాలమ్మగారు.

శిష్యుడు ముత్యాలరావు. ఇరవై ఏళ్లుగా మాస్టారి నాటకాల్లో మంత్రి. మంత్రికి పద్యాలు తక్కువ, "చిత్తం మహారాజా"లు ఎక్కువ. ఇంట్లోనూ అతనిది అదే వేషమని ఊళ్లో అనుకునేవారు. అతను కాదనలేదు. అతని బావమరిది సూరిబాబుకు టౌన్లో ట్రాక్టర్ల షోరూము ఉంది. "నాటకాలు మానేసి వచ్చెయ్యి బావా, నీకూ వాటా ఇస్తాను. సోమవారంలోగా చెప్పు" అన్నాడు. మాస్టారికేమో తన తరవాత నాటక సమాజం ముత్యాలరావే నడపాలని కోరిక. ఆ మాట ఆయన ఎన్నడూ పైకి అనలేదు. సమాజం హార్మోనియం మాత్రం తీసుకెళ్లి అతని ఇంట్లో పెట్టించారు.

దాన్ని చూసినప్పుడల్లా ముత్యాలరావుకు అన్నం సహించేది కాదు. జీవితమంతా ఇలా ధారపోసినందుకు మాస్టారు లోపల బాధపడుతున్నారేమో తెలిస్తే, తనేం చెయ్యాలో తేలిపోతుందనుకున్నాడు. గురువారం పొద్దున్నే వెళ్లాడు. మాస్టారు చిత్రిక పడుతున్నారు.

"మాస్టారూ, దేవుడు మీ బతుక్కి వన్స్ మోర్ అంటే, ఇదే మళ్లీ పాడతారా? ఎక్కడైనా మార్చి పాడతారా?"

ఆ ప్రశ్నకు కారణముంది. కంచరపాడు జనం పద్యం నచ్చితే "వన్స్ మోర్" అంటారు. పాడినవాడు నాటకంలో బతికున్నాడా పోయాడా అన్నది వాళ్లకు అనవసరం. మాస్టారు వేసే ముసలి రాజు చివరి అంకంలో మంచం మీద పద్యం పాడి ప్రాణం విడుస్తాడు. వన్స్ మోర్ అనగానే లేచి, మళ్లీ పాడి, మళ్లీ పోతాడు. ఒక ఏడాది అయిదుసార్లు పోయాడు. అయిదోసారి ఏడవడం తన వల్ల కాదని రాణి వేషం వేసిన పోస్టుమాన్ లోపలికి వెళ్లిపోయాడు.

మాస్టారు చెక్కపొట్టు ఊదేశారు. "ఆదివారం నాటకానికి రా, చెబుతాను."

"నేను మంత్రినండి. రాకుండా ఎలా?"

"అయితే మరీ మంచిది."

ఆ ఆదివారం మాస్టారికి సహస్ర చంద్ర దర్శనోత్సవం. బడి ఆవరణలో షామియానా వేశారు. పులిహోర, బూరెలు, గుమ్మడికాయ దప్పళంతో భోజనాలయ్యాయి. ప్రెసిడెంటుగారు ముప్పావుగంట మాట్లాడి, సమయాభావం వల్ల ముగిస్తున్నానన్నారు. మధ్యాహ్నం రెండింటికి చివరి అంకం మొదలైంది. రాజుగారి మంచం మాస్టారు స్వయంగా చేసినదే, వట్టి చెక్క. నాన్న నడుముకు నొప్పి చేస్తుందని కూతుళ్లు ముగ్గురూ దాని మీద కొత్త బూరుగుదూది పరుపు వేయించారు.

మాస్టారు పాడారు. "దున్నినంత దున్నితిని, నాగలిమేడి నీ చేతనుంచితిని" అంటూ మంత్రి వంక చూసి, కళ్లు మూశారు.

"వన్స్ మోర్!"

మామూలుగా మూడో కేకకు రాజు లేస్తాడు. లేవలేదు. ఏడో కేక కూడా అయింది. ప్రెసిడెంటుగారు, షామియానా రేపటికి కూడా ఉంచాలేమో అన్నట్టు పైకి చూశారు. ముత్యాలరావు దగ్గరికి వెళ్లి మాస్టారి ఛాతీ మీద చెయ్యి వేశాడు.

అప్పుడు మైకులోంచి గురక వినిపించింది.

వరహాలమ్మగారు స్టేజీ ఎక్కేశారు. "లేపావంటే ఊరుకోను ముత్యాలూ! అరవై ఏళ్లకు ఇవాళ చూస్తున్నాను."

జనం నవ్వారు. నవ్వడం అయ్యాక మళ్లీ వన్స్ మోర్ అన్నారు. రాజు లేచే దారి లేదు. ముత్యాలరావు మంచం అంచున కూర్చున్నాడు. మాస్టారికి నిద్రాభంగం కాకుండా, మెల్లని గొంతుతో, ఇరవై ఏళ్లుగా పక్కన నిలబడి విన్న పద్యం పాడాడు. మేడి మాట దగ్గర మాస్టారి వంక చూశాడు.

పద్యం అయ్యాక ముందు వరసలోంచి ఒక్క గొంతు "వన్స్ మోర్" అంది. అది సూరిబాబుది. ముత్యాలరావు మళ్లీ పాడాడు.

తెర దించాక సూరిబాబు స్టేజీ మీదికి వచ్చాడు. ట్రాక్టర్ల ఊసెత్తలేదు. "బావా, ఇక రాజు నువ్వే కదా, మరి మంత్రి వేషం ఎవరికిస్తారు?" అని అడిగాడు. అప్పటికే మంత్రి మీసం తను పెట్టుకుని అద్దంలో చూసుకుంటున్నాడు.

షామియానా తాళ్లు విప్పే చప్పుడుకు మాస్టారు కళ్లు తెరిచారు.

"వన్స్ మోర్ అన్నారా?"

"అన్నారండి. గట్టిగానే."

"నేను లేచానా?"

"లేదండి. నేను పాడాను."

మాస్టారు పరుపును చేత్తో ఒకసారి నొక్కి చూశారు.

"మరింకేం. పరుపు బాగుందిరా" అని అటు తిరిగి పడుకున్నారు.