అతిథికెంత, ఇంటికెంత?

మూడు రోజులుగా ఓబులేశు మొహంలో నెత్తురు చుక్క లేదు. మఠంలో ఉన్న ఒక్కగానొక్క కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చున్నాడు.

సంగతేమిటంటే, మఠంలో ఒకప్పుడు పాడిన తత్వాలన్నీ బజారప్ప అనే పెద్ద శిష్యుడు ఇరవై ఏళ్ల కిందట టైపు చేసి పెట్టాడు. ఆయన పోయాడు. రాసుకున్న నోటుపుస్తకాలు చెదల పాలయ్యాయి. మిగిలింది ఆ ఫైళ్లే. అవేమో పాత విండోస్‌లో నడిచే ఓ టైపింగ్ ప్రోగ్రాంలో తప్ప తెరుచుకోవు. మఠం కంప్యూటర్‌లో ఉన్నది లినక్స్. అందులో తెరిస్తే అన్నీ పిచ్చిగీతలే.

బజారప్ప కూతురు ఉరుకుందమ్మ ఆ పొద్దు ఎమ్మిగనూరు నుంచి వస్తోంది, నాయన పాటలు విని పోదామని. "నాకొదిలేయమ్మా, చిటికెలో పని" అని గురువు సిద్ధమ్మ ముందు కోతలు కోసింది ఓబులేశే. ఇప్పుడు ఆ కూతురికి ఏ మొహం పెట్టుకుని కనబడాలి?

సిద్ధమ్మ వచ్చి పక్కన కూచుంది. "ఏమి చేస్తాండావురా?"

"ఈ కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ పెడతాండానమ్మా. దాంట్లో పాత విండోస్ నడుస్తాది. బయటిదాన్ని హోస్ట్ అంటారు, అంటే ఇంటోళ్లు. లోపలిది గెస్ట్, అంటే అతిథి. ఎన్నిసార్లు పెట్టినా అతిథి లేవదు, ఇల్లు కూడా బిగుసుకుపోతాంది. పాడు డబ్బా!"

"అతిథికి ఏమి పెట్టినావు?"

"మెమరీ ఎంతియ్యాల అని అడిగింది. ఉన్నదంతా ఇచ్చినా."

ఆ మాట చెప్పేటప్పుడు కాస్త ఛాతీ విరుచుకున్నాడు కూడా. మఠంలో పెరిగినవాడు కదా మరి! అతిథి తిన్నాకే మనం తినాలని ఉగ్గుపాలతోనే నేర్చుకున్నాడు.

సిద్ధమ్మ లేచి నిలబడింది. "లెయ్. ఉరుకుందమ్మ వచ్చింది, కూటికి రా" అంది.

ముగ్గురికీ ఆకులు వేశారు. సిద్ధమ్మ సంగటి కుండ, పప్పు గిన్నె, నీళ్ల చెంబు, ఆఖరికి గరిటెతో సహా మోసుకొచ్చి ఉరుకుందమ్మ ముందు పెట్టింది. తన ఆకూ ఓబులేశు ఆకూ ఖాళీ.

"తినమ్మా, అంతా నీకే."

ఉరుకుందమ్మ బిత్తరపోయింది. "ఇదేమి చోద్యం తల్లీ! ఉన్నదంతా నాకే పెట్టి మీరు పస్తుంటే, రేపు నాకు సంగటి కెలికి పెట్టేదెవరు?"

ఓబులేశు నోరు తెరుచుకుని ఆమె వంకే చూశాడు. గబుక్కున లేచి కంప్యూటర్ దగ్గరికి పరిగెత్తాడు. "అయ్యో నాయనా, కూడు!" అని ఆమె అరుస్తున్నా వినిపించుకోలేదు.

ఈసారి ఇల్లు బిగుసుకోలేదు. అతిథి నింపాదిగా లేచాడు. పాత ప్రోగ్రాం తెరుచుకుంది, అందులో బజారప్ప టైపు చేసిన అక్షరాలు గుండ్రంగా, ఒక్క ఒత్తు చెడకుండా కనబడ్డాయి. ఓబులేశుకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఎంతిచ్చినావు?" సిద్ధమ్మ గుమ్మంలో నుంచే అడిగింది.

"సగమమ్మా."

"తక్కిన సగం?"

"ఇంటికి."

ఉరుకుందమ్మ వచ్చి తెర మీది అక్షరాలను వేలితో తడిమింది. "నాకు చదువు రాదు నాయనా. నువ్వు చదువు. రాగం నాకాడుంది."

ఓబులేశు చదివాడు. "ఈదబోతే లోతు లేదు, నడవబోతే నేల లేదు..."

ఆమె గొంతెత్తింది. బజారప్పతోనే మట్టిలో కలిసిపోయిందని మఠమంతా అనుకున్న రాగం అది.

సిద్ధమ్మ కళ్లు మూసుకుని విని, మెల్లగా అంది. "ఓబులేశూ, ఇప్పుడు ఇంటోళ్లెవరు, అతిథెవరు, చెప్పు."

ఓబులేశు తెర వైపు తిరిగాడు. తర్వాతి పాదం చదివాడు.