గీత దాటాకే తుమ్మకాయ

ఎండాకాలం వచ్చిందంటే ఎర్రకొండ కింది వాగులో ఇసుకే తప్ప నీళ్లుండవు. ఆ ఇసుకలో ఒక్కచోట చెలమ తవ్వితే మాత్రం నీరు ఊరుతుంది. తెల్లవారేసరికి చెలమ నిండి తేటగా ఉంటుంది. ముందు తాగినవాళ్లకు నీళ్లు, వెనక వచ్చినవాళ్లకు బురద. రోజూ కొట్లాటలెందుకని అక్కడి జంతువులు ఒక కట్టుబాటు చేసుకున్నాయి. ఏటా వేసవి మొదట్లో చెడుగుడు ఆడాలి. గెలిచిన జట్టు ఆ వేసవంతా ముందు తాగాలి.

కిందటేడు అడవిపందులు గెలిచాయి. మేకల తరపున చివరి కూతకు వెళ్లి దొరికిపోయింది బొల్లి. ఆ వేసవంతా మేకలు బురదే తాగాయి. బొల్లి పిల్లలకు కడుపులు చెడ్డాయి. చిన్నపిల్ల వారం రోజులు లేవలేదు. చివరికి ఎలాగో లేచింది గానీ, ఆ వారమంతా దాని పక్కన పడుకుని బొల్లి ఒకటే అనుకుంది. వచ్చే ఏడు కూతకు మళ్లీ నేనే వెళ్తాను. ఈసారి తిరిగొస్తాను.

పోటీ ఇంకా నెల ఉందనగా నక్క సూరప్ప మందలోకి వచ్చాడు.

"బొల్లమ్మా, నీ కాళ్లలో మంచి చురుకుంది. చెప్పేవాళ్లు లేక ఇట్లా ఉండిపోయావు. ఆట నేను నేర్పుతా."

"నీకేం లాభం సూరప్ప మామా?"

"మీరు ముందు తాగితే మీ వెనకాలే నేనూ తాగుతాను. పందులు దొర్లిన నీళ్లలో మూతి పెట్టడం నావల్ల కాదమ్మా."

మాట సబబుగానే ఉందనిపించింది బొల్లికి.

మర్నాడే సూరప్ప ఇసుకలో గీత గీశాడు. అవతల ఐదు రాళ్లు పెట్టి, వాటి మధ్య నాలుగు మేకల్ని పట్టడానికి నిలబెట్టాడు. తను రాళ్ల పక్కనే తుమ్మకాయల కుప్ప ముందు కూర్చున్నాడు. "ఈ రాళ్లే పందులనుకో. రాయి ముట్టుకున్నప్పుడల్లా ఒక కాయ. దొరికిపోతే మాత్రం పొద్దుగూకేదాకా బండ మీద ఎండలో నిలబడాలి, మేత కూడా ఉండదు."

బొల్లి రెండుసార్లు దొరికింది, రెండు పగళ్లు ఎండలో మాడింది. ఆ తర్వాత దొరకలేదు. గీత పక్కనున్న రాయి ముట్టుకుని, కాయ తిని, మెల్లగా వెనక్కి వచ్చేది. లోపలి రాళ్ల వైపు వెళ్లాలంటే ఆ బండ గుర్తొచ్చేది. అయినా రోజుకు పది కాయలు, పన్నెండు కాయలు వస్తుంటే ఆట వచ్చేసిందనే అనుకుంది.

మైలయ్య ముసలి ఎద్దు. ఆడే వయసు దాటిపోయింది. నీడలో పడుకుని నెమరేస్తూ ఇదంతా చూస్తున్నాడు. ఒక సాయంత్రం బొల్లిని పిలిచాడు.

"రాయి ముట్టుకోగానే ఎటు చూస్తున్నావమ్మాయ్?"

"ఎటూ చూడటం లేదు బాబాయ్."

"రేపు ఆడేటప్పుడు గమనించుకో."

మర్నాడు గమనించుకుంది. గిట్ట రాయికి తగిలిందో లేదో మెడ దానంతటదే సూరప్ప వైపు తిరిగింది. కాళ్లు ఆగిపోయాయి. వద్దనుకున్నా అంతే.

"నా మెడ నా మాట వినడం లేదు బాబాయ్," అంది వచ్చి.

"ముట్టుకోవడం, ఆగడం, కాయ తినడం. నువ్వు నేర్చుకున్నది ఇదే. వెనక్కి వచ్చినందుకు ఒక్క కాయైనా తిన్నావా?"

"లేదు."

"ఎండలో నిలబడ్డావు కదా. ఎందుకు దొరికావో తెలిసిందా?"

"ఎండ ఎంతుందో తెలిసింది," అంది.

ఆ మరుసటి మధ్యాహ్నం బొల్లి ఆకుల కోసం కొండరాయి ఎక్కితే కింద మాటలు వినబడ్డాయి. పందుల పెద్ద కోరలయ్య ముందు కూర్చుని సూరప్ప చెబుతున్నాడు.

"ముట్టుకోగానే ఆ మేక ఆగుతుంది, మెడ తిప్పుతుంది. అప్పుడు కాలు పట్టండి. ముందే దూకారా, జారిపోతుంది."

"విన్నారు కదరా," అన్నాడు కోరలయ్య తనవాళ్లతో. "ఎవడు ముందు దూకితే వాడికి నా కోరతో పోటు. సరే సూరప్పా, గెలిపించు. ఈ వేసవి మేం తవ్విన ఎండ్రకాయలన్నీ నీకే."

బొల్లి ఆయాసపడుతూ మైలయ్య దగ్గరికి పరుగెత్తింది. "వాడి బండారం మంద ముందే బయటపెడతాను."

"పెట్టు. వాడు ఇంకో ఎత్తు వేస్తాడు. నీ మెడ మాత్రం అలాగే ఉంటుంది. ఇంకా పదమూడు రోజులున్నాయి. ఏది ముందు?"

బొల్లి ఆయాసం తీరేదాకా ఆగింది. "మెడే," అంది.

సూరప్పతో మాత్రం గిట్ట వాచిందని చెప్పింది. "పోటీ నాడే వస్తా మామా. నేర్చుకోవలసింది నేర్చుకున్నాగా." సూరప్ప సంతోషంగా తలూపాడు.

కొండ వెనక లోయలో ఎద్దు, నాలుగు మేకలు, బొల్లి. రాళ్లు అవే, గీతా అలాంటిదే. కాయలు మాత్రం గీతకు ఇవతల. ముట్టుకున్నందుకు ఏమీ లేదు. కూత తెగకుండా తిరిగొస్తేనే కాయ. దొరికిపోతే శిక్ష లేదు, ఎలా దొరికిందో బొల్లే చెప్పాలి. "ఎడమ కాలు వెనకబడింది." "తిరగడం ఆలస్యమైంది." చెప్పిన మరుక్షణమే మళ్లీ కూత.

మూడు రోజులు ఒక్క కాయా దక్కలేదు. మెడ తిరుగుతూనే ఉంది. దొరికింది, చెప్పింది, మళ్లీ వెళ్లింది. గిట్టలు నిజంగానే వాచాయి. నాలుగో రోజు ఒక కాయ దక్కింది. ఐదో రోజు మూడు. అప్పుడు మైలయ్య రాళ్ల అవతలికి వెళ్లి నోట్లో తుమ్మకాయ పట్టుకుని నిలబడ్డాడు. ఆ వాసనకు బొల్లి మళ్లీ ఆగిపోయింది, ఒకసారి కాదు, ఆరుసార్లు. ఏడోసారి ఆగలేదు.

"ఇక ప్రతిసారీ కాయ ఉండదు," అన్నాడు మైలయ్య. ఒకసారి కాయ పెట్టేవాడు, రెండుసార్లు ఊరికే తలూపేవాడు. పన్నెండో రోజుకి బొల్లి గీత దాటి వచ్చి, ముందున్న కాయ వంక చూడకుండానే, మళ్లీ కూత మొదలుపెట్టింది. మైలయ్య ఆ కాయ తనే నమిలేశాడు.

పోటీ నాడు వాగు రెండు గట్లూ జంతువులతో నిండిపోయాయి. ఆట సమంగా సాగి సాగి, చివరికి అటు మూడు పందులు, ఇటు బొల్లి ఒక్కతే మిగిలాయి. బొల్లి కూత పెట్టి గీత దాటింది. పందుల వెనక సూరప్ప తుమ్మకాయ పళ్ల మధ్య పెట్టుకుని నిలబడ్డాడు.

బొల్లి మొదటి పంది భుజాన్ని ముట్టుకుంది. కాయ వాసన ముక్కుకు తగిలింది. మెడలో ఏదో లాగినట్టయింది. కాళ్లు మాత్రం ఆగలేదు. రెండో పందిని తాకి లోపలికి దూకింది. కిందటేడు ఇక్కడే దొరికింది. మూడో పంది కోరలయ్యే. వాడి చెవిని గిట్టతో తాకి గిర్రున తిరిగింది. మూడు పందులూ నోళ్లు తెరుచుకుని బొల్లి మెడకేసి చూస్తున్నాయి, ఎప్పుడు ఆగుతుందా అని. ఊపిరి చివరికొచ్చింది. కూత సన్నబడింది గాని తెగలేదు. బొల్లి గీత దాటి ఇసుకలో కూలబడింది.

మేకల అరుపులు కొండకు తగిలి తిరిగొస్తుంటే కోరలయ్య మెల్లగా సూరప్ప వైపు తిరిగాడు.

"ఆగుతుందన్నావు."

"నా దగ్గర రోజూ ఆగింది," అన్నాడు సూరప్ప, నోట్లోని కాయ కింద పడేసి.

"మా వాళ్లూ రోజూ ఆగడమే నేర్చుకున్నారు. పట్టడం మర్చిపోయారు."

ఆ వేసవంతా తెల్లవారుతూనే మేకలు తేటనీళ్లు తాగాయి. తర్వాత పందులు తాగాయి. ఎండ్రకాయలు దొరికిన చోటల్లా పందులే తినేశాయి. అందరూ వెళ్లాక సూరప్ప వచ్చి, చెలమ అడుగున మిగిలిన బురదను పళ్ల సందున వడకట్టుకుని తాగేవాడు.

ఏ పనికి బహుమానం దొరికితే ఒళ్లు ఆ పనే నేర్చుకుంటుంది కాబట్టి, పెట్టే చెయ్యి ఎవరిదో, ఎందుకు పెడుతోందో ముందే చూసుకోవాలి.