జక్కరయ్య ఇటుకల బట్టీ

అనగనగా కాలవ గట్టున ఒక ఊళ్ళో జక్కరయ్య అనే తొందర మనిషి ఉండేవాడు. ఎంత తొందరంటే బుల్లీ, అన్నం ఉడక్కముందే కంచం ముందేసుకుని కూర్చునేవాడు. మందిరంలో అయ్యగారు ప్రార్థన ముగించకముందే గట్టిగా "ఆమేన్" అనేసేవాడు. అందరూ ఉలిక్కిపడి కళ్ళు తెరిచేవాళ్ళు.

నవ్వకు. నువ్వూ అంతే. సరిగ్గా పడుకో, కాలు లోపలికి పెట్టుకో.

జక్కరయ్యకి భార్య కృపమ్మ, తల్లి సంతోషమ్మ. ముగ్గురూ మట్టిగోడల ఇంట్లో ఉండేవాళ్ళు. ఒక ఏడు ముసురు పట్టింది. గోడ నానీ నానీ ఒకపూట దభీమని కూలిపోయింది. దేవుడి దయ, ఆ వేళకి ముగ్గురూ మందిరంలో ఉన్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పైకప్పు పెంకుల్లో పగలనివి ఏరుకుని ఒక పక్కన పేర్చుకున్నారు. చింతచెట్టు కింద తాటాకు పాక వేసుకుని అందులో సర్దుకున్నారు.

అప్పుడు కృపమ్మ కడుపు పండింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి! మంత్రసాని వచ్చి చూసి, "వానలు దిగే వేళకి కంటావమ్మా" అంది. ముసలావిడ సంతోషమ్మకి ఆనందంతో కళ్ళనీళ్ళొచ్చాయి. జక్కరయ్యకి మాత్రం గుండెల్లో రాయి పడింది. ఆ పాక ఎండకే ఆగదు, ఇంక వానకేం ఆగుతుంది? పసిగుడ్డు తడిస్తే ఏం కాను?

"ఈసారి ఇటుక గోడలే కడతాను. నా బిడ్డ కొత్తింట్లోనే పుట్టాలి" అన్నాడు.

ఇటుకలు కొనే స్తోమత వాళ్ళకి లేదు. అందుకని సొంతంగానే చేసుకోవడం మొదలుపెట్టారు. కాలవ మట్టి తెచ్చి, ఊక కలిపి తొక్కారు. ఆ తర్వాత అచ్చులో పోసి పచ్చి ఇటుకలు తీశారు. ఆ తర్వాత వాటిని ఎండబెట్టి, మధ్యమధ్యలో తుమ్మకట్టెలు పెట్టి, ఇంత ఎత్తున పేర్చి, చుట్టూ మట్టి మెత్తారు. దాన్నే ఇటుకల బట్టీ అంటారు. అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు. జక్కరయ్య నిప్పు పెట్టాడు. ఆమేన్ ఈసారీ ముందే అన్నాడనుకో.

బట్టీ సంగతి నీకు తెలీదు కదూ? నిప్పు పెట్టేదాకానే మన పని. లోపల నిప్పు పైదాకా పాకాలి, ఇటుక కాలాలి, ఆ తర్వాత దానంతటది చల్లారాలి. చల్లారకముందే గాలి తగిలినా, నీళ్ళు తగిలినా, ఎంత ఎర్రగా కాలిన ఇటుకైనా పుటుక్కున పగిలిపోతుంది. ఎప్పటికి చల్లారుతుందో ఎవరూ చెప్పలేరు. రోజూ వెళ్ళి చెయ్యి పెట్టి చూసుకోవడమే.

బట్టీ ఇంకా పొగ కక్కుతూనే ఉంది. ఆ ఆదివారం మందిరంలో సాక్ష్యాల వేళ జక్కరయ్య లేచి నిలబడ్డాడు. సాక్ష్యమంటే దేవుడు మనకి చేసిన మేలు పదిమందిలో చెప్పుకోవడం. ఆయన చేశాక చెప్పాలి. మనవాడు ముందే చెప్పేశాడు.

"దేవుడు నాకు కొత్తిల్లిచ్చాడు! పెంతెకొస్తు పండగనాడు మా ఇంట్లో ప్రతిష్ఠ కూటం. మీరందరూ రావాలి!" అన్నాడు. పెంతెకొస్తంటే ఈస్టరు తర్వాత ఏడో ఆదివారం, ఎండల్లో వచ్చే పండగ; ప్రతిష్ఠ కూటమంటే కొత్తింట్లో పదిమందీ చేరి చేసుకునే ప్రార్థన.

"దేవుని చిత్తమైతే అను నాయనా" అన్నారు అయ్యగారు.

"చిత్తమేనండీ అయ్యగారూ, బట్టీ అంటించేశాంగా!"

సంతోషమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కృపమ్మ తల వంచుకుంది. సంఘమంతా మాత్రం "స్తోత్రం, స్తోత్రం" అంది. మందిరం పక్కూళ్ళో ఉంది, పాపం, వాళ్ళకేం తెలుసు?

అప్పట్నుంచి జక్కరయ్యకి కాలు నిలవలేదు.

కొన్నాళ్ళకి పొగ ఆగిపోయింది. సంతోషమ్మ వెళ్ళి బట్టీ గోడకి అరచెయ్యి ఆనించింది. "ఇంకా జ్వరం ఉందిరా జక్కరీ" అంది. జక్కరయ్య వింటేగా! ఆవిడ అటు వెళ్ళగానే నిచ్చెన వేసుకుని పైకెక్కి, మట్టి పెళ్ళగించి, గుడ్డ చుట్టుకున్న చేత్తో కొన్ని ఇటుకలు లాగాడు. ఎర్రగా, ముద్దుగా ఉన్నాయి. కృపమ్మకి చూపిద్దామని కింద పెట్టాడు. టప్! టప్! చూస్తుండగానే అన్నీ రెండేసి ముక్కలయ్యాయి. గబగబా పైకెక్కి మళ్ళీ మట్టి మెత్తేశాడు. ఆ పూట అన్నం దగ్గర ఎవరి మొహమూ చూడలేదు.

అక్కడితో బుద్ధి రావాలా వద్దా? రాలేదు.

పండగ దగ్గరపడుతోంది. అప్పుడు జక్కరయ్యకి ఇంకో ఆలోచన వచ్చింది. పాలు చల్లారాలంటే గిన్నె నీళ్ళలో పెడతాం కదా, బట్టీకి మాత్రం నీళ్ళెందుకు పనికిరావు అనుకున్నాడు. కావిడితో కాలవ నీళ్ళు తెచ్చి ఒక మూలన గుమ్మరించాడు. బుస్సుమని ఆవిరి లేచింది. మెత్తిన మట్టి ఊడి, ఆ మూలంతా పటపటా పగిలి, కుప్పగా జారిపడింది. అతని ముంజెయ్యి కాలి బొబ్బలెక్కింది.

కృపమ్మ పరుగెత్తుకొచ్చింది. ముందు కాలిన చెయ్యి చూసి ఏడ్చింది. ఆ తర్వాత ఇటుకలు చూసి ఏడ్చింది. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని, మట్టి కలిపి తెచ్చి, ఆ మూల తనే మెత్తింది. మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. తిట్టినా బావుండును అనుకున్నాడు జక్కరయ్య.

"మిగిలిన వాటితో గోడలు లేస్తాయి. ఇంకొక్కటి పోయినా చాలవు" అంది సంతోషమ్మ.

ఆ మాటతో జక్కరయ్య మూడు గోడలు, నాలుగు గోడలు అని లోలోపల కట్టుకుంటూ, కూల్చుకుంటూ ఉండిపోయాడు. మందిరానికి వెళ్ళి, "కూటం వాయిదా వెయ్యండి అయ్యగారూ" అని చెప్పడానికి మాత్రం సిగ్గు అడ్డొచ్చింది. రేపు చెబుతా, రేపు చెబుతా అనుకున్నాడు. చివరికి పండగ రానే వచ్చింది.

ఆ ఆదివారం జక్కరయ్య మందిరానికి వెళ్ళలేదు. ఏ మొహంతో వెళ్తాడు? బట్టీ పక్కన కూర్చున్నాడు. సంతోషమ్మ అరచెయ్యి ఆనించి, "జ్వరం దిగుతోంది. ఇంకాస్త ఓపిక పట్టు నాయనా" అంది.

మధ్యాహ్నానికి పడమట నల్లటి మబ్బు లేచింది. ఎండాకాలపు గాలివాన! ఒక్కసారిగా దుమ్ము రేగింది. జక్కరయ్య అటు తిరిగి చూశాడు. వాన పడితే బట్టీ మొత్తం పోతుంది. ఇల్లు ఉండదు. బిడ్డ ఆ తాటాకుల కింద, ఆ బురదలో పుట్టాలి.

అప్పుడు గునపం తీసుకుని లేచాడు. "పగలగొట్టి, దొరికినన్ని బయటికి లాగేస్తాను!"

కృపమ్మ నిండు చూలాలు. వెళ్ళి బట్టీకి వీపు ఆనించి నిలబడింది.

"నన్ను దాటి ముట్టుకో" అంది.

"వానొస్తోందే! కనబడట్లేదా?"

"కనబడుతోంది. ఇటుక చల్లార్చడం నీకు చేతకాదు, నాకు చేతకాదు. అది దేవుడి పని, ఆయన్ని చేసుకోనీ. కప్పడం మన పని. పోయి పాక మీద ఆకులు పీకుకురా."

"అవేం సరిపోతాయే!"

"సరిపోయినంతే కప్పుదాం. పోవయ్యా!"

జక్కరయ్య గునపం కింద పడేశాడు. పాక మీది తాటాకులు పీకుతూ ఏడ్చాడు. "ప్రభువా, తొందరపడ్డాను. నా చేతుల్తో నేనే పాడుచేశాను. ఇంక నాకేం తోచట్లేదు. నువ్వే చూడు" అన్నాడు. అన్నాళ్ళూ దేవుడికి ఇది చెయ్యి, అది చెయ్యి అని పురమాయించడమే గాని, నువ్వే చూడు అనడం అతనికి అదే మొదలు.

అప్పుడు కాలవ గట్టు మీంచి పాటలు వినిపించాయి.

ఎవరనుకున్నావు? సంఘం! ఆరాధన ముగించుకుని, కొత్తింట్లో కూటానికి వస్తోంది. పిలిచాడుగా మరి! ఆడవాళ్ళ చంకల్లో కూర్చోడానికి చాపలు. కొత్తిల్లు చిన్నది, జనం పట్టరు, బయట ఎండగా ఉంటుందని అయ్యగారు మందిరం బరకం కూడా మోయించుకొస్తున్నారు. బరకమంటే సభలప్పుడు పందిరి మీద వేస్తారే, పెద్ద పట్టా, అది. రాటలూ తాళ్ళూ కూడా తెచ్చారు.

వచ్చి చూస్తే ఇల్లేదీ? బట్టీ ఉంది, పీకిన పాక ఉంది, మధ్యలో చేతినిండా ఆకులతో జక్కరయ్య ఉన్నాడు. పాట ఆగిపోయింది.

"అయ్యగారూ, ఇల్లు లేదండీ" అన్నాడు జక్కరయ్య తల దించుకుని. "ఇవ్వకముందే ఇచ్చాడని చెప్పాను. తప్పయిపోయింది."

అయ్యగారు అతన్ని చూశారు. బట్టీని చూశారు. మబ్బుని చూశారు.

"అది తర్వాత మాట్లాడుకుందాం. ముందా బరకం ఆ చివర పట్టుకో!"

అప్పుడు చూడాలి బుల్లీ, ఆ సందడి! కొందరు నిచ్చెనెక్కారు. కొందరు తాళ్ళు లాగారు. ఆడవాళ్ళు పక్కలకి చాపలు కట్టి, కొంగులు బిగించి పట్టుకుని నిలబడ్డారు. ఆఖరి తాడు ముడిపడుతుండగా మొదటి చినుకు పడింది. ఆ తర్వాత కుండపోత. గాలి బరకాన్ని ఎగరేసుకుపోవాలని చూసింది. వీళ్ళు వదల్లేదు. పండగ బట్టలన్నీ బురదైపోయాయి. ఆ బట్టీ చుట్టూ తడుస్తూనే, ఆగిపోయిన పాట మళ్ళీ అందుకున్నారు.

ఎంత గబుక్కున వచ్చిందో అంత గబుక్కున పోయింది ఆ వాన. బరకం ఎత్తి చూశారు. బట్టీ మీద చుక్క తడి లేదు.

సంతోషమ్మ అక్కడే బురదలో మోకాళ్ళ మీద కూలబడిపోయింది. "నా కొడుకు తొందరని కూడా వాడుకున్నావా తండ్రీ" అని నవ్వుతూ ఏడ్చింది. అవును మరి, ఒక ఆదివారం ముందు పిలిచినా, ఒక గంట ఆలస్యంగా వచ్చినా ఏమయ్యేది? అది జక్కరయ్య తెలివి కాదు, అయ్యగారి తెలివీ కాదు.

ఆ తర్వాత జక్కరయ్య బట్టీ జోలికి వెళ్ళలేదు. ఒకరోజు సంతోషమ్మే చెయ్యి ఆనించి, "జ్వరం తగ్గిందిరా, తియ్యి" అంది. తీశారు. రెండిటుకలు తీసుకుని కొడితే ఖంగుమని మోగాయి! సంఘంలో మగవాళ్ళు తలో చెయ్యీ వేశారు. గోడలు లేచాయి. పాత పెంకులే కడిగి పైన పరిచారు.

ఆఖరి వరస పరుస్తుండగా కృపమ్మకి నొప్పులొచ్చాయి. జక్కరయ్య నిచ్చెన మీంచి దూకబోయాడు. మంత్రసాని కిందనుంచి గదిమింది. "నువ్వు దిగొచ్చి కంటావా ఏంటి? పైన నీ పని చూసుకో, కింద నా పని నేను చూసుకుంటా!" అతను పైనే ఉండిపోయి పెంకు తర్వాత పెంకు పరిచాడు. ఒక్క పెంకు జారలేదు. చివరి పెంకు పెట్టి దిగేసరికి కొత్తింట్లో బిడ్డ కేరుమంది. ఆడపిల్ల!

ఆ పై ఆదివారమే ప్రతిష్ఠ కూటం పెట్టారు. ఇల్లు నిండా జనం. కృపమ్మ ఒళ్ళో పాప. బయట అసలైన వాన దిగింది, పెంకుల మీద హోరుమని. అందరూ తలెత్తి చూశారు. ఎక్కడా కారలేదు. అయ్యగారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. చాలాసేపు చేశారు. ముగించారు.

ఆమేన్ వినబడలేదు.

అందరూ కళ్ళు తెరిచి చూస్తే, జక్కరయ్య కొత్త గోడకి ఆనుకుని, నోరు తెరుచుకుని, హాయిగా గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. కిందటేడు గోడ కూలిన నాటినుంచి ఆ మనిషి కంటినిండా నిద్రపోయింది లేదు. కృపమ్మ సిగ్గుపడి లేపబోయింది.

"లేపకమ్మా, పడుకోనీ" అన్నారు అయ్యగారు మెల్లగా. "ఇన్నాళ్ళకి దేవుడి మీద భారం వేశాడు."

అందరూ చప్పుడు చెయ్యకుండా చాపలు చుట్టుకుని, వసారాలో వాన వెలిసేదాకా కూర్చుని వెళ్ళారు.

చినుకులన్నీ పెంకుకి,
కునుకులన్నీ కంటికి,
కథేమో మరి కంచికి,
మనమేమో మన ఇంటికి.