పట్టు తెర మీద పడని నీడ

ఇది కట్టుకథ అనేవాడు ఎవడైనా ఉంటే ముందు వరసలోకి వచ్చి కూర్చోవాలి. వెనక కూర్చుని గొణిగితే చెల్లదు.

ఒకానొక రాజ్యాన్ని గజకేసరి భూపతి ఏలేవాడు. ఆయన దగ్గితే కోట బురుజు మీద పావురాలు మూర్ఛపోయేవి. అంతటివాడికీ ఒక కడుపుమంట ఉంది. అది గుమ్మళ్లపాడు తోలుబొమ్మలాట.

రాజుగారి విజయగాథ చదివిననాడు సభంతా ఆవులింతలే. గుమ్మళ్లపాడులో ఆట అంటే మాత్రం పొరుగు దేశపు సైన్యం కూడా యుద్ధం ఆపి వచ్చి చాప మీద కూర్చునేది. ఆ ఊళ్లో ప్రతి ఇల్లూ ఆటగాళ్ల కోసం పూటకో పిడికెడు బియ్యం తీసిపెట్టేది. కరువులోనూ ఆ పిడికిలి ఆగలేదు. 'నా పేరు చెప్పి ఒక్క గింజైనా తీసిపెట్టినవాడు లేడే' అనుకుంటే రాజుకి ముద్ద దిగేది కాదు.

చివరికి బొమ్మల్నీ ఆటగాళ్లనీ కోటకి రప్పించాడు.

"ఇంత గొప్ప కళ పల్లెలో మట్టికొట్టుకుపోకూడదు. నా ఒక్కడి ముందే ఆడండి. ఆ తర్వాత బొమ్మలు ఖజానాలో భద్రంగా ఉంటాయి."

"పెట్టెలో మూస్తే తోలు పురుగు పడుతుంది దొరా," అంది ఆటగాళ్ల పెద్ద సిద్ధవ్వ.

ఆస్థానంలో మాటకారి చెన్నప్ప లేచి చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, వీళ్ల తెర చూశారా? ఇంటికో పాత చీర ముక్క ఇస్తే కుట్టుకున్న బొంత. దాన్ని ఊళ్లోనే వదిలి రమ్మన్నాను. తమ కంటికి అది తగునా?"

రాజు మీసం లేచింది. "జరీ పట్టు కట్టించు. రెండు పొరలు."

సిద్ధవ్వ ఏదో అనబోతే చెన్నప్ప కనుసైగతో ఆపాడు.

తెర కట్టారు. వెనక దీపాలు వెలిగాయి, మద్దెల మోగింది, పాట ఎత్తుకున్నారు. తెర మీద ఈగ నీడైనా లేదు.

"బొమ్మలేవయ్యా?" అన్నాడు రాజు చెన్నప్పతో.

"ఆడుతూనే ఉన్నాయి ప్రభూ. తమ పట్టు దీపం వెలుగుకి దారి ఇవ్వడం లేదు."

"అయితే పాత గుడ్డే కట్టు."

"కోటలో ఉతికి పలచబడ్డ గుడ్డ ఎక్కడిది? తమరు కట్టిన పంచె మళ్లీ కట్టరాయె."

"ఆ బొంతే పట్టుకురమ్మంటాను."

"భటులు వెళ్తే తెర వస్తుంది ప్రభూ. పిడికెడు బియ్యం తీసిపెట్టే మనసు రాదు."

రాజు లేచి వెళ్లి ఆ పట్టుని వేళ్లతో తడిమాడు. "మరి ఏం చేస్తే వస్తుంది?" అన్నాడు, గొంతు తగ్గించి.

"ఆ తెరలో తమదీ ఒక ముక్క ఉంటే."

రాజు నవ్వాడు. ఎంత నవ్వాడంటే పావురాలు పక్క రాజ్యానికి వలస పోయాయి. బొమ్మల్ని పల్లకీలో ఇంటికి పంపాడు. ఆ జరీ తెర చెన్నప్పకే బహుమానంగా కప్పాడు.

ఆ మీదట రాజు ఏడాది పాటు ఒకే పంచె కట్టి, అది పలచబడ్డాక భుజాన వేసుకుని గుమ్మళ్లపాడు వెళ్లాడు. సిద్ధవ్వ దాన్ని తెర మూలకి కుట్టి, చెయ్యి చాపింది.

"గుడ్డ సరే, మీ ఇంటి పిడికెడు బియ్యమేవి దొరా?"

నమ్మనివాళ్లు కోట చాకిరేవుకి వెళ్లి పెంచలయ్యని అడగండి. ఆ ఏడాదంతా ఆ ఒక్క పంచెనే బండకేసి బాదినవాడు ఆయనే.